రాకుమారి కంకణంలో మరొకరి జడ

స్టాక్‌హోమ్‌లోని మా వేలంశాలకు రాజుల కాలంనాటి నగ ఏది వచ్చినా ముందు మార్గిట్ బల్ల మీదికే చేరుతుంది. ఎవరు చేయించారు, ఎవరు పెట్టుకున్నారు, ఎన్ని చేతులు మారింది, అన్నీ కూపీ లాగుతుంది. తన పుట్టిల్లు ఎక్కడని అడిగితే మాత్రం "అటు ఉత్తరాన" అని మాట దాటేస్తుంది.

ఆ ఉత్తరాన ఉన్న పల్లె వోమ్‌హూస్. అక్కడి ఆడవాళ్ళు పోయినవాళ్ళ జుట్టుతో కంకణాలు, గొలుసులు అల్లుతూ దేశాలు తిరిగేవారు. మార్గిట్ వాళ్ళింట్లో తరతరాలుగా అదే పని. జుట్టు నగ వచ్చిందంటే చాలు, సూపులో వెంట్రుక దొరికిందని మా డైరెక్టరు వెక్కిరిస్తాడు. అందరికన్నా ముందు మార్గిట్ నవ్వేది.

కిందటి శీతాకాలం ఎబ్బా అనే పెద్దావిడ అలాంటి కంకణమే తెచ్చింది. జ్వరంతో పోయిన ఓ చిన్న రాకుమారి జుట్టట. ఆ పిల్లను పెంచిన దాది ఎబ్బా వంశంలో మనిషి. కంకణం అమ్మనని, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే చాలని అంది.

మార్గిట్ భూతద్దం పెట్టి చూసింది. పైన పసిపిల్ల మెత్తటి జుట్టు, లోపల ఎవరో పెద్దామె ముతక జుట్టు. కొక్కెం కింద చివరి పాయ వెనక్కి మెలిపెట్టి ఉంది. ఆ మెలిక వాళ్ళింటిదే. చిన్నప్పుడు అమ్మ వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. ఆ కాలంలో వాళ్ళింటి నుంచి స్టాక్‌హోమ్ వచ్చి అల్లింది అమ్మమ్మకు అమ్మమ్మ ఒక్కతే. అంటే ఆవిడ రాజుగారింటినే మోసం చేసిందన్నమాట. మార్గిట్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. జుట్టు కలగలుపు, అల్లినవారెవరో తెలియదు అని రాసి చేతులు దులుపుకుంది.

ఎబ్బా అది చదివి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"కలిసే ఉంటుందమ్మా. జ్వరానికి పిల్ల జుట్టు కత్తిరించేశారు, అల్లడానికి పొడవు చాల్లేదు. దాది ఏడుస్తుంటే చూళ్ళేక, అల్లే ఆవిడ తలగుడ్డ విప్పి తన జడ కోసి కలిపిందట. మా ఇంట్లో ప్రార్థన చేసినప్పుడల్లా ఆవిణ్ణీ తలుచుకుంటాం. పేరే తెలీదు. అది కనుక్కుంటారనే వచ్చాను."

పేరు మార్గిట్ నాలుక చివరే ఉంది. వాళ్ళూరి పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి, బాక్ కెర్‌స్టిన్. పక్కనే డైరెక్టరు నిలబడి ఉన్నాడు.

"దొరకదండీ" అంది.

"పోనీలేమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు" అంటూ ఎబ్బా ఆమె చెయ్యి నిమిరి, కంకణం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కాఫీ దగ్గర మార్గిట్ ఇదంతా నాకు చెప్పి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎబ్బా ఇల్లు రెండు వీధుల అవతలే కదా, ఇప్పుడైనా వెళ్ళి చెప్పమన్నాను.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మా అవ్వ ఏ సంబంధమూ లేని పిల్లకి జడ కోసిచ్చింది. నేను మా అవ్వకి పేరు కూడా ఇవ్వలేకపోయాను."