బోటు ట్యాగు నేనెందుకు తీసేశానంటే

తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో, అడిషనల్ షీటు ఒక్కటీ తీసుకోకుండా ట్యాగు అడిగింది ఆ హాలు మొత్తానికి నేనొక్కడినే. "ఏం కడతావురా దాంతో?" అన్నారు సారు. "పేపరుకి అందంగా ఉంటుందని సార్" అన్నాను. నా పేరు, నంబరు తప్ప ఏమీ లేని ఆ కాగితానికి తెల్లదారం ముడి చూసి, పెళ్లికూతురిలా ముస్తాబు చేశావురా అన్నారు. ఆ తర్వాత నేను బడి ముఖం చూళ్లేదు. ట్యాగుల మీద మోజు మాత్రం పోలేదు.

తణుకు దగ్గర మోటార్ల వైండింగ్ షాపు నాది. ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారొకాయన, మోటార్లూ ఇంజన్లూ బాగుచేసుకునే వాళ్ల కోసం ప్రశ్నోత్తరాల సైటు ఒకటి పెట్టారు. ప్రశ్న వేసినవాళ్లు కింద ఒక ట్యాగు తగిలించాలి. ఆ ట్యాగుని బట్టి, ఆ పని తెలిసినవాళ్ల ఫోన్లకి ప్రశ్న వెళ్తుంది. నేను షాపులో కంటే ఫోన్లోనే ఎక్కువ కాపురం ఉంటున్నానని కనిపెట్టి, ట్యాగులు చూసే పని నాకు అప్పగించారు. "నువ్వెలాగూ ఖాళీయే కదరా" అన్నదే నా నియామక పత్రం.

జనం ట్యాగులు ఇష్టమొచ్చినట్టు పెట్టేవారు. "అర్జెంటు" ఒక ట్యాగు. "దయచేసి" ఒకటి. భీమవరం వైపు రైతొకాయన ప్రతి ప్రశ్నకీ "మా బావమరిది" అని పెట్టేవాడు. ఇదేంటండీ అని అడిగితే, మోటార్లు కాల్చేది వాడేనండి అన్నాడు.

ఇలా కాదని నేనొక ట్యాగుల విధానం రాశాను. ఒక ప్రశ్నకి ఒకటే ట్యాగు అనుమతించబడును. పది ప్రశ్నలు లేని ట్యాగు తొలగించబడును. ప్రశ్నలోని సొంత కబుర్లు తుడిచివేయబడును. బడి మానేసిన లోటంతా 'బడు'తో తీర్చుకున్నానన్నమాట. రాసింది రోజుకి రెండుసార్లు నేనే చదువుకునేవాణ్ణి.

ఆ రెండో రూలు కింద "బోటు" పోయింది.

"బోటెందుకు తీసేశావురా?" అని మాస్టారు ఫోన్ చేశారు.

"నాలుగే ప్రశ్నలున్నాయండి."

"సముద్రం మీదున్నవాడికి సిగ్నలుండదు కదరా, ప్రశ్నలెలా వేస్తాడు?"

జోకేమో అనుకుని గట్టిగా నవ్వాను. ఆయన నవ్వలేదు.

సముద్రంలో రెండు నెలల చేపల వేట నిషేధం ముగిసే రోజు, మధ్యాహ్నం పూట, అంతర్వేది వైపు నుంచి ఒకావిడ ప్రశ్న పెట్టింది. "ఇంజను నీళ్లు లాగట్లేదండి. రేపు తెల్లారి వేటకి పోవాలి. అందరి కంటే వెనకబడితే మొదటి వేట పోయినట్టే. త్వరగా చెప్పండి." కింద ట్యాగు: బోటు.

నేను రంగంలోకి దిగాను. బోటు అనే ట్యాగే ఇప్పుడు లేదు కాబట్టి కొట్టేశాను. వేట, తెల్లవారడం, వెనకబడటం సొంత కబుర్లు కాబట్టి తుడిచేశాను. "ఇంజను నీళ్లు లాగట్లేదండి" ఒక్కటే మిగిలింది. మా వైపు నీళ్లు లాగే ఇంజనంటే కాలవలోంచి చేలోకి తోడేదే. "పంపుసెట్టు" అని తగిలించి, ఎంత శుభ్రంగా ఉందో చూసుకుని మురిసిపోయాను.

రైతులంతా సాయానికి దూకారు. ఫుట్ వాల్వులో నాచు పట్టిందేమో చూడండన్నాడొకడు. పైపు నిండా నీళ్లు పోసి స్టార్టు చెయ్యండన్నాడు ఇంకొకడు. మూడో ఆయన మర్యాదగా, "తమరికి ఎన్ని ఎకరాలండి?" అని అడిగాడు.

"ఎకరాలు లేవు బాబూ, సముద్రం ఉంది" అని జవాబిచ్చిందావిడ.

విషయానికి సంబంధం లేదని దాన్నీ తుడిచేశాను. తుడిచాక, వేలు ఫోన్ మీద ఉండగానే, సముద్రం అన్న మాట బుర్రకెక్కింది. మా బుర్రకి ఏదైనా కాస్త ఆలస్యంగానే అందుతుంది. బోటు ఇంజను చల్లబడ్డానికి కూడా నీళ్లు లాగాలి కదా! వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, మీది బోటా అండి?"

"మరి నేను పెట్టిన బోటు ఎవరు తీసేశారు తమ్ముడూ? మీవాళ్లు పైపులో నీళ్లు పొయ్యమన్నారని మా ఆయన ఇందాకట్నుంచీ పోస్తూనే ఉన్నాడు. ఏ పైపులోనో ఆయనకే తెలీదు. ఇంజనేమో కాలిపోతోంది."

"ముందు ఇంజను ఆపించండి" అన్నాను.

బోటు ట్యాగు మళ్లీ పెట్టాను. పది నిమిషాల్లో కాకినాడ బోటు మెకానిక్కొకాయన చెప్పాడు: రెండు నెలలు ఊరికే ఉంటే నీళ్ల పంపులో రబ్బరు రెక్కలు ఎండి విరుగుతాయి, అవి మార్చండి అని. కానీ అప్పటికి సాయంత్రమైంది. విడిభాగాల షాపు మూసేశారు. తెల్లారి ఊళ్లో బోట్లన్నీ వెళ్లిపోయాయి. షాపు తెరిచాక రబ్బరు తెచ్చి బిగించుకుని, వాళ్లది మధ్యాహ్నానికి కదిలింది.

మర్నాడు ట్యాగుల విధానం మొత్తం చెరిపేశాను. "ఇప్పుడు బాగుంది" అన్నారు మాస్టారు. అక్కడేమీ లేదు మరి.

నాలుగు రోజులాగి ఆవిడకి ఫోన్ చేశాను. తప్పు నాదే అక్కా, మొదటి వేట పోగొట్టాను అన్నాను. అక్కడితో ఆగకుండా, నోరు ఊరుకోక, "అయినా చేపలెక్కడికి పోతాయిలెండి, సముద్రంలోనే ఉంటాయిగా" అన్నాను.

"ఉంటాయి తమ్ముడూ, ఎందుకుండవు? వాటికి నువ్వింకా ట్యాగులు పెట్టలేదుగా. పెట్టుంటే ఈపాటికి మీ వరి చేలో ఉండేవి."