రాని డిస్కు

మిక్సీ ఎక్కువసేపు తిరిగి వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది. కాగిన రాగితీగ, మెత్తబడ్డ ప్లాస్టిక్కు, వాటి మీద ఏళ్ళుగా పేరుకున్న దుమ్ము కలిసిన వాసన. మొన్న ఇడ్లీపిండి రుబ్బుతుంటే అది వంటగదంతా కమ్ముకుంది. స్విచ్చి ఆపి కిటికీ తెరవాల్సింది పోయి, గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి పీల్చాను. భద్రాచలంలో ఖాదర్ భాయ్ దుకాణం వెనకగది వాసన అది.

దుకాణం ముందుభాగంలో గడియారాల రిపేరు. కంటికి నల్లటి భూతద్దం తగిలించుకుని, గడియారం పొట్ట విప్పి, ఊపిరి బిగబట్టి పనిచేసేవాడు ఖాదర్ భాయ్. ఆయన వెనక పూసల తెర, తెర అవతల రెండు టీవీలు, వాటి కింద బూడిదరంగు గేమ్ మిషన్లు, నేల మీద పరిచిన ఈతచాప. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం మాట. వానాకాలంలో గోదావరి పెరుగుతోందని మైకులో చెబుతూ జీపు తిరుగుతుంటే, ఊళ్ళో పెద్దవాళ్ళంతా నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో చూడడానికి కరకట్ట మీదికి పోతుంటే, మేం మాత్రం ఆ చాప మీద కూర్చుని టీవీలో ఇంకో నది దాటుతుండేవాళ్ళం.

మేమంటే నేనూ, ముత్తీ. అసలు పేరు ముత్తమ్మ. దుమ్ముగూడెం దాటి బస్సు దిగాక, ఇంకో గంట అడవిలో నడిస్తే వచ్చే కోయగూడెం వాళ్ళది. హాస్టల్లో ఉంటూ నాతోపాటు ఆరో తరగతి చదివేది. మా ఇల్లు హాస్టలు గోడ వెనకే కావడంతో, ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ పూచీ మీద వార్డెన్ మేడమ్ దాన్ని మా ఇంటికి పంపేది. సెలవులకి పోయి వచ్చినప్పుడల్లా అడ్డాకుల పొట్లంలో తునికిపళ్ళో, వేయించి బెల్లంతో దంచిన ఇప్పపువ్వో తెచ్చేది. మా అమ్మ దానికి పులిహోర పెట్టి, తల దువ్వి, సాయంత్రం హాజరు వేళకి వచ్చెయ్యమని చెప్పి పంపితే, ఇద్దరం చెప్పులు చేత పట్టుకుని ఖాదర్ భాయ్ దుకాణానికి పరిగెత్తేవాళ్ళం.

ఆ ఆటని మేం పడవాయన ఆట అనేవాళ్ళం. డిస్కు మీద అసలు పేరు ఏదో ఉండేది కాని, అది ఏ దేశపు అక్షరాలో కూడా మాకు తెలియదు. గడ్డపాయన ఒకడు జనాన్ని పడవ ఎక్కించుకుని, సుడిగుండాలు తప్పించుకుంటూ, కొట్టుకొచ్చే దుంగల్ని పక్కకి నెడుతూ, ఒక్కో రేవూ దాటిస్తాడు. మొత్తం పది రేవులు. నేను ఏనాడూ ఆరో రేవు దాటలేదు. ముత్తి పదీ దాటేది. తనలో తాను కోయలో ఏదో గొణుక్కుంటూ, కనురెప్ప ఆడించకుండా దాటేది. అది ఆడుతుంటే పక్క టీవీ పిల్లలు తమ ఆట ఆపి వచ్చి చూసేవాళ్ళు.

పదో రేవులో పడవాయన పడవ కట్టేసి ఒడ్డున దిగుతాడు. ఎదురుగా ఒక కొండ, దాని మీదికి ఎర్రమట్టి బాట. మీట నొక్కితే రెండడుగులు వేసి, ఆగి, మావైపు తిరిగి నిలబడతాడు. ఇంక ఎంత నొక్కినా కదలడు. పాట ఆగిపోయి, ఎవరెవరివో పేర్లు కింది నుంచి పైకి పోతాయి. అంతే, అయిపోయింది. నాకది ఆఖరు. ముత్తికి కాదు.

"గాడ తొవ్వ ఉన్నది గదా," అనేది. "పోనియ్యనప్పుడు తొవ్వ ఎందుకు పెట్టిండ్రు?"

ఇంటికి పోయి పడుకున్నా నా తలలో అదే ప్రశ్న తిరుగుతుండేది.

ఒక ఆదివారం ఖాదర్ భాయ్ మమ్మల్ని పిలిచి ఒక రంగుల కాగితం చూపించాడు. ఖమ్మంలో ఉన్న ఆయన బావమరిది ఏదో పత్రికలోంచి చింపి పంపించాడు. దాని మీద మా కొండే ఉంది, పైనుంచి చూసినట్టు. బాట మెలికలు తిరిగి పైదాకా పోయింది. అక్కడక్కడ ఇళ్ళు, ఇళ్ళలో దీపాలు.

ఆయన ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి చెప్పాడు. "ఇది కొత్త ఆట కాదు బేటా. పాత ఆటకే జోడిస్తరంట. ఇంకో డిస్కు ఇస్తరు, అది ఏస్తే కొండ ఎక్కొచ్చు. చలికాలానికి వస్తదని రాసిండ్రు."

ముత్తి ఆ కాగితాన్ని ఎంతసేపు చూసిందంటే, ఖాదర్ భాయ్ నవ్వి దాన్ని గోడకి అతికించాడు.

చలికాలం వచ్చింది. పొద్దున్నే గోదారి మీద పొగమంచు లేచి అవతలి గట్టు కనపడని రోజులవి. డిస్కు రాలేదు. శ్రీరామనవమికి ఊరు జనంతో నిండిపోయి, మిరియాలు ఘాటెక్కిన పానకం తాగి, కొబ్బరి కలిపిన వడపప్పు దోసిళ్ళతో తిని, ఆ జనాన్ని తోసుకుంటూ దుకాణానికి పోతే, ఖాదర్ భాయ్ మేం నోరు తెరవకముందే తల అడ్డంగా ఊపాడు. తర్వాత వేసవి సెలవులు. వాళ్ళింట్లో అందరూ బీడీల తునికాకు కోతకి పోతారని, తనూ పోవాలని, బడి తెరిచేనాటికి వస్తానని చెప్పి ముత్తి బస్సెక్కింది.

బడి తెరిచారు. ముత్తి రాలేదు. దుమ్ముగూడెం దారిలో తిరిగే బస్సుకి మా నాన్నే కండక్టరు. భుజాన తోలుసంచీ దించుతూ ఒకరోజు చెప్పాడు.

"మీ ముత్తి కనవడ్డది బిడ్డా. వాళ్ళమ్మకు కొడుకు పుట్టిండు. కాన్పు అయినకాంచి ఆమె లేస్తలేదంట. పిలగాణ్ణి ఈ పిల్లనే సాకుతుంది."

"మళ్ళ ఎప్పుడొస్తదంట?"

"ఏం చెప్తం," అన్నాడు నాన్న.

ఆ వారమే ఖాదర్ భాయ్ గోడమీది కాగితం పీకేస్తూ కనిపించాడు. "ఆపేసిండ్రంట బేటా. డిస్కు ఇంక రాదు," అన్నాడు. ఎందుకని అడిగితే, "ఎందుకో వాళ్ళకే ఎర్క," అన్నాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కొండ బొమ్మ అచ్చయింది, ఇళ్ళున్నాయి, దీపాలు కూడా వెలిగించారు. అన్నీ ఉన్నది లేకుండా ఎలా పోతుంది? వస్తానన్న ముత్తి రాకపోవడం, వస్తుందన్న డిస్కు రాకపోవడం నా తలలో ఒకటే అయిపోయాయి. ఒకటి వస్తే రెండోది కూడా వస్తుందేమో అనిపించింది.

ఆ సాయంత్రం నోటుబుక్కులో కాగితం చింపి రాశాను. డిస్కు వచ్చిందని, నేను కొండ సగం ఎక్కానని, పైన ఒక ముసలామె దారి అడ్డంగా కూర్చుని పొడుపుకథలు వేస్తుందని, నువ్వు లేకపోతే పైకి పోనివ్వదని, జల్దీ రమ్మని రాశాను. నాన్న దాన్ని చదవకుండానే తోలుసంచీలో పెట్టుకుని పోయి ఇచ్చాడు.

రెండు వారాలకి ముత్తి వచ్చింది. నాన్న బస్సులోనే, చంకలో తమ్ముణ్ణి వేసుకుని వచ్చింది. బట్టల సంచీ లేదు. మధ్యాహ్నం బస్సుకి మళ్ళీ పోవాలంది. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా దుకాణానికి నడిచింది. దారిలో నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు అనుకుని, నాలుగుసార్లూ పిల్లాడి గురించి ఏదో అడిగాను.

"భాయ్, కొత్త డిస్కు పెట్టు," అంది.

ఖాదర్ భాయ్ భూతద్దం తీసి ముందు దానివైపు, తర్వాత నావైపు చూశాడు. "కొత్తది యాడిది బేటా? అది బంద్ అయిందని ఈ పిల్లకు చెప్పిన గదా."

ముత్తి నన్ను తిట్టలేదు. ఏడవలేదు. "అయితే పాతదే పెట్టు," అంది. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడు తీగ పట్టి గుంజుతుంటే మోచేత్తో ఆపుతూ, పది రేవులూ దాటింది. పడవాయన దిగి, రెండడుగులు వేసి, మావైపు తిరిగాడు. అప్పుడు మీట కింద పెట్టి, "ఇంగ చెప్పు. ముసలామె ఏం అడుగుతది?" అంది.

నాకు ఏడుపొచ్చింది. "అదంతా ఉత్తదే ముత్తీ."

"చెప్పమంటున్న గదా."

చెప్పాను. ఏం చెబుతున్నానో తెలియకుండా చెప్పాను. పైన గుడి ఉందంటే, "గుడి ఉండది, గంత ఎత్తుల ఎవరు కడతరు?" అని సరిదిద్దింది. ఇళ్ళ దగ్గర పడవాయన బిడ్డ ఉంటుందంటే ఒప్పుకుంది. బస్సు వేళయింది. ముత్తి బస్సు మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "మిగిలింది రాసి పంపు," అంది.

కోపంగా అందో, జాలిపడి అందో, నిజంగానే కావాలని అందో నాకు ఆనాడు తెలియలేదు, ఈనాటికీ తెలియదు. రాసి పంపాను. నాన్నని వేరే దారిలో బస్సుకి వేసేదాకా, ఏడాదిపైన, నెలకొకటో రెండో. జవాబు ఒక్కటీ రాలేదు. ముత్తి బడికీ రాలేదు. నేను పెద్ద చదువుకి ఖమ్మం పోయాను.

ఇప్పుడు ఖాదర్ భాయ్ లేడు. ఆయన దుకాణంలో సెల్ ఫోన్ల అద్దాలు మారుస్తున్నారు. గడియారం విప్పే మనిషే ఆ వీధిలో లేడు. చిట్టీలు మోసే కండక్టర్లు లేరు. మా నాన్న ఇంట్లో కూర్చుని ఫోన్లో వార్తలు వింటాడు. ఆ ఆట గురించి ఇంటర్నెట్లో వెతికితే నాలుగు వాక్యాలు దొరికాయి: అదనపు భాగం సగంలో ఆపేశారు, కొన్ని బొమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు, కారణం చెప్పలేదు.

పోయిన ఏడాది భద్రాచలం బస్టాండులో ముత్తి కనిపించింది. తనే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మ కోలుకుని ఇంకా పదేళ్ళు బతికిందట. తమ్ముడు పాల్వంచలో పనిచేస్తున్నాడట. తనకి ఇద్దరు ఆడపిల్లలు. మాటల మధ్య ధైర్యం చేసి, ఆనాడు అబద్ధం రాసి నిన్ను అంత దూరం రప్పించాను, క్షమించు అన్నాను.

ముత్తి అయోమయంగా చూసింది. "అబద్ధం ఏంది? ఆ కొండ మనం ఎక్కినం గదా. టీవీల చూసినం గదా, పైన నీళ్ళ చెలమ ఉండె, నువ్వు ముందు తాగినవు, నేను ఎనక తాగిన. మా పిల్లలకు గూడ చెప్పిన."

దాని ముఖంలో ఎక్కడా వేళాకోళం లేదు. ముత్తి ఎక్కాల్సిన వెంకటాపురం బస్సు కదులుతోందని కేకేశారు. కాదని చెప్పడానికి నోరు తెరిచి, "అవ్" అన్నాను.

బస్సు పోయింది. చెలమ గురించి నేను ఏ చిట్టీలోనూ రాయలేదు.