పువ్వా, కాడా?

2022 శ్రావణం. కొత్తపేట దగ్గర మా అరెకరంలో లిల్లీ దుంపలు నాటిన మొదటి ఏడాది. కువైట్‌లో ఒక పూలకొట్లో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చాక, ఖాళీగా కూర్చోవడం చేతకాక మొదలుపెట్టిన పని ఇది. మేం వేసినవి కట్ ఫ్లవర్స్. అంటే దండకి కాదు, జాడీలో నిలబెట్టడానికి పొడుగాటి కాడతో సహా కోసే పూలు. అడుగున ఒకటి రెండు మొగ్గలు విచ్చగానే కొయ్యాలి. తక్కినవి నీళ్లలో ఉండి విచ్చుకుంటాయి.

మొదటి ఆర్డరు అమలాపురం డెకరేటర్ గారిది. కోసిన మర్నాడు సాయంత్రం పెళ్లి, మండపానికి రెండు వందల కాడలు. ఆయన ఎప్పుడూ బెంగళూరు నుంచి తెప్పించుకునేవారు. నా మాట నమ్మి ఈసారి అక్కడ చెప్పలేదు. ఈ ఆర్డరు చెడితే ఈ చుట్టుపక్కల నా పూలు అడిగేవాళ్లే ఉండరని నాకు భయం.

కోతకి వెంకాయమ్మగారు వచ్చారు. మల్లె, కనకాంబరం కోసీ కోసీ ఆరితేరిన చెయ్యి. పూలు కోసెయ్యమని చెప్పి, బకెట్లు తేవడానికి ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రెండు బుట్టల నిండా విడిపూలు, మళ్లలో బోడి కాడలు.

"చూసుకోండి అమ్మాయిగారూ, విచ్చిన పువ్వు ఒక్కటి వదిలితే ఒట్టు" అన్నారావిడ.

కోపం నషాళానికంటింది. నాకు కావలసింది కాడలని అరిచాను. ఆవిడ తెల్లబోయారు.

"కాడ దేనికండీ, దండకి అడ్డం కదండీ? పూలు కొయ్యమన్నారు, పూలే కోసేను."

మా ఊళ్లో పూలు కొయ్యడమంటే అదే. చిన్నప్పుడు నేనూ అలాగే కోశాను. పని పరాయి దేశంలో నేర్చుకున్నాను గానీ, దాన్ని మా ఊరి మాటల్లో చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. సిగ్గేసింది.

గట్టు మీద కూలబడి డెకరేటర్ గారికి ఫోను చేయబోతుంటే, ఆవిడే నెమ్మదిగా మాట కదిపారు.

"కాలవ పక్క మళ్లు ముట్టుకోలేదండీ. అయ్యి ఇంకా మొగ్గలు. ఎందుకూ పనికిరావని వదిలేసేను."

పరుగెత్తాను. అవి ఆలస్యంగా నాటినవి. అడుగు మొగ్గలు తెల్లబడి, రేపటికి విచ్చేటట్టున్నాయి. ఇద్దరం కాడలతో కోస్తే నూట ముప్పై తేలాయి. అప్పుడు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. డెకరేటర్ గారు విడిపూలు ఎన్ని బుట్టలని అడిగారు. తర్వాత, ఆ విడిపూలతో దండలు కట్టించమన్నారు, కాడలు చాలని చోట వేలాడదీస్తానని. వెంకాయమ్మగారిని అడగడానికి మొహం చెల్లలేదు. అయినా అడిగాను.

"ఆయ్, కట్టేత్తానండీ" అని అప్పుడే దారం తెమ్మన్నారు.

పెళ్లి గట్టెక్కింది. తర్వాతి ఆర్డరులో డెకరేటర్ గారు కాడలతో పాటు దండలూ అడిగారు.

అప్పటినుంచి ఉత్తినే కొయ్యమని చెప్పి వెళ్లను. మొదటి కాడ నేనే కోసి ఆవిడ చేతికిస్తాను. అయినా రోజూ గట్టు దిగుతూ ఆవిడ నన్ను నిలబెట్టి అడుగుతారు.

"ఇయ్యాళ పువ్వా అండీ, కాడా?"

అది జాగ్రత్తో వేళాకోళమో ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం బుద్ధిగా జవాబు చెబుతాను.