నిలవని ముడులు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు ఆస్టినాబాద్‌లో మా ఇంటి వెనక దారిలో తెల్లచీర మనిషి కనిపిస్తుందని అందరూ చుట్టు తిరిగి వెళ్ళేవారు. నేను మాత్రం ఆ దారినే బడికి వెళ్ళేదాన్ని. నాకు ఎదురైనవల్లా దోమలే. ఇప్పుడు చెప్పబోయేది కూడా దెయ్యం సంగతి కాదు. మరి ఏ సంగతో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సెల్‌ఫోన్లు రాని రోజులవి. డైరీ ఫార్మ్ పేటలో ఒక చిన్న ప్రెస్సులో బైండింగ్ పనంతా నేను చూసేదాన్ని. అచ్చయిన కాగితం ఎలా మడవాలి, ఎక్కడ కోయాలి, దేంతో కుట్టాలి అన్నది నేనే తేల్చాలి. మా దీవుల్లో ఆ తేల్చడమే పెద్ద పని. క్యాలెండరు పైన రేకు పట్టీ కొడితే ఒక్క వానాకాలానికే తుప్పు నీళ్ళు గోడ మీదికి కారతాయి. అందుకే రేకు మానేసి వెదురు పుల్ల అంటించేవాళ్ళం. పుస్తకాలకు పిన్నులు కొడితే ఉప్పుగాలికి అవి పొడై రాలిపోతాయి.

ఆ ఏడాది డిగ్లీపూర్ వైపు జాలర్ల కోసం డింగీ పడవల ఇంజన్ల మరమ్మతు పుస్తకం అచ్చు వేశాం. చిన్న పుస్తకమే గానీ పడవలో తడుస్తుంది, చమురు చేతులతో తిప్పుతారు. నాలుగు రకాలుగా ఆలోచించి, వల అల్లే నైలాన్ దారంతో కుట్టించాలనుకున్నాను. మడత మీద మూడు చిల్లులు, లోపలి వైపు ముడి, అంతే. కుట్టడానికి నూకరత్నం ఉండనే ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబం ఆమెది, జంగ్లీఘాట్‌లో ఉండేది. వలలు బాగుచేసే చెయ్యి కదా, నేను ఒక పుస్తకం పూర్తిచేసేలోగా ఆమె నాలుగు కుట్టి పక్కన పెట్టేది.

తెల్లవారితే పుస్తకాలు డిగ్లీపూర్ ఓడ ఎక్కాలి. ఆ రోజు పొద్దున్న నూకరత్నం జుట్టు విరబోసుకుని వచ్చింది. తలంటుకుందేమో అనుకున్నాను. కాదు. వేటకు వెళ్ళిన ఆమె భర్త దానయ్య ముందురోజే తిరిగి రావాలి, రాలేదు. ఇంటికి పొమ్మన్నాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వెళ్ళలేదు.

పుస్తకాలు కుడుతోంది గానీ ముడి వెయ్యడం లేదు. దారం కొసలు అలాగే వదిలేస్తోంది. ఎందుకని అడిగాను.

"ముడి నాను ఎయ్యను దీదీ. మనిషి సముద్రం మీద చిక్కుబడిపోతే ఇంటాళ్ళు ముడెయ్యకూడదు. జుట్టు కూడా ముడెట్టుకోం. ఆడొచ్చినాక ఎన్నంటే అన్ని ఏస్తాను."

నాకు కోపం రాలేదు. ఓడ మాత్రం కళ్ళ ముందు కదిలింది. "ఠీక్ హై, నువ్వు కుట్టు, ముడి నేను వేస్తాను. మా ఇంట్లో ఈ పట్టింపు లేదు" అన్నాను. ఆమె తల వంచుకుని మళ్ళీ సూది అందుకుంది.

మధ్యాహ్నానికి సగం పుస్తకాలకు ముడులు వేశాను. తర్వాత ఇద్దరం జెట్టీకి వెళ్ళి దానయ్య కబురు అడిగాం. ఎవరికీ ఏమీ తెలియదు. వెళ్ళేటప్పుడు ప్రెస్సుకు తాళం వేసింది నేనే, తాళంచెవి నా బొడ్లోనే ఉంది. తిరిగొచ్చి చూస్తే నేను వేసిన ముడుల్లో ఒక్కటీ లేదు.

నైలాన్ జారుతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ఒకసారి ముడి పడ్డ దారానికి మెలిక మిగులుతుంది. ఈ కొసలు అప్పుడే కండె నుంచి తీసినట్టు తిన్నగా ఉన్నాయి. వేలితో రాసి కూడా చూశాను.

నాకు పంతం కాస్త ఎక్కువ. మళ్ళీ కూర్చున్నాను. ఈసారి ముడి మీద ముడి వేసి, పైన గోందు బంక చుక్క పెట్టాను. అది ఆరాక కట్టలన్నీ నొక్కుడు మరలో పెట్టి బిగించాను. ఇక ఇద్దరం ఆ గది వదల్లేదు. మర ఎదురుగానే కూర్చుని క్యాలెండర్లకు వెదురు పుల్లలు అంటించాం. వీధిలో అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, నూకరత్నం గుమ్మం వైపు చూసేది.

ఎండ తగ్గాక మర వదులు చేసి పుస్తకాలు తీశాను. గోందు చుక్కలు పగలకుండా దారాన్ని అంటుకునే ఉన్నాయి. వాటి లోపల ముడి లేదు. దారం తిన్నగా ఇటు దూరి అటు వచ్చింది.

నాకు నిజంగా భయమేసింది. ఇంకోసారి వేసి చూద్దామని కూడా అనిపించలేదు. "ఓడ పోతే పోనీ, వీటిని ఇలాగే ఉంచేద్దాం" అన్నాను. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న నూకరత్నం అప్పుడు ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె వాడ మనిషి ఒకడు పరుగున వచ్చి, దానయ్య డింగీ వచ్చిందని చెప్పాడు. ఎలా వెళ్ళామో తెలియదు. దానయ్య జెట్టీ మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. పెదవులు పగిలిపోయాయి. చుట్టూ చేరినవాళ్ళకు చెబుతున్నాడు.

"వల తాడు ఇంజన్ పంకాకి సుట్టేసింది. కత్తి నీట్లో పడిపోనాది. మునిగి లాగితే ఇంకా బిగుసుకుపోతంది. మజ్జానం అదే వదులైపోనాది, సెయ్యెట్టేలోగా మల్లీ బిగిసిపోనాది భయ్యా, ఎవులో లాగి కట్టినట్టు. బస్, ఇంక అయిపోనాదనుకున్నాను. ఎండ దిగినాక మొత్తం దానంతటదే ఇడిపోనాది."

నూకరత్నం నా చేతులకేసి చూసింది. నేను వాటిని కొంగు కింద దాచుకున్నాను.

ఆమె అక్కడే నిలబడి జుట్టు ముడి పెట్టుకుంది. భర్తకు అన్నం పెట్టి, తను తినకుండానే ప్రెస్సుకు వచ్చింది. గోందు గిల్లేసి అవే దారాలకు ముడులన్నీ తనే వేసింది. ఒక్కటీ జారలేదు. పుస్తకాలు ఓడ ఎక్కాయి.

కారణాలు లేవని కాదు. నైలాన్ జారవచ్చు. నీటి వడికి తాడు వదలవచ్చు. విడివిడిగా అడిగితే దేనికైనా జవాబు చెప్పగలను. ఇక్కడ నేను ముడి వేసిన పూట అక్కడ తాడు ఎందుకు బిగిసిందంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. గంగమ్మ తల్లి విప్పిందంటుంది నూకరత్నం. నేను వాదించను.

నా ముడి గట్టిదని ప్రెస్సులో పేరు. ఆ రోజు అది నిలిచి ఉంటే దానయ్య ఏమైపోయేవాడు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా, విప్పిన చెయ్యి ఎవరిదైనా సరే, దేన్నీ నమ్మని నేను దానికి దండం పెట్టుకుంటాను.