అవ్వ పెట్టిన జిల్లేడు పాలు

నా చిన్నప్పుడు, 1993 నవంబరు మొదటి ఆదివారం ఉదయం ఏడున్నరకు, ఉదయగిరిలోని మా ఇంటి అద్దంలో నా నుదుటి మీద తొలి మొటిమ చూశాను. వేళ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఎనిమిదింటికి చర్చిలో క్రిస్మస్ నాటకానికి పిల్లల్ని ఎంచారు. మా పాస్టరు అయ్యగారు నాకు మరియమ్మ వేషం ఇచ్చారు. నాటకం ఆత్మకూరులో, చుట్టుపక్కల సంఘాలన్నీ చేరే పండుగ కూటంలో. నాకప్పుడు పదమూడేళ్లు. అంతవరకు నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు.

అమ్మా నాయనా తెల్లవారకముందే పొలం పనికి వెళ్లేవారు. నా తల దువ్వేది మా అవ్వ. గుప్పెడు కొబ్బరినూనె నడినెత్తిన పోసి, చెవుల వెనక్కి, నుదుటి మీదికి కారేదాకా మర్దించి, రెండు జడలు బిగించేది. నూనె కారకపోతే తల దువ్వినట్టే కాదని ఆమె లెక్క. చలికాలమని ఆ నెలలో ఇంకాస్త ఎక్కువే పోసింది.

నవంబరు మూడో వారానికి నుదురంతా మొటిమలు లేచి, బుగ్గల మీదికి దిగాయి. మొహం ఎప్పుడూ జిడ్డుగా మెరిసేది. అవ్వ శనగపిండితో రుద్దింది, నిమ్మకాయ చెక్కతో రుద్దింది. ఎంత రుద్దితే అంత ఎర్రబడి మరిన్ని లేచాయి. నాటకం రిహార్సల్లో గొర్రెల కాపరి వేషం వేసే పిల్ల అందరి ముందూ అనేసింది.

"ఏందే, మరియమ్మకు ఆటలమ్మ పోసినాదా?"

దేవదూతలు కూడా నవ్వారు. నేను ఇంటికొచ్చి అవ్వ ఒళ్లో పడి ఏడ్చాను. పండుగలోగా ఇవి పోవాలి, లేకపోతే చచ్చిపోతానన్నాను.

మా వైపు మెట్ట పొలాల్లో కాల్లో ముల్లు విరిగితే జిల్లేడు పాలు పెడతారు. ముల్లు పైకి తేలుతుందని నమ్మకం. అవ్వ జీవితమంతా గొర్రెల వెంట నడిచిన మనిషి. ఆమెకు తెలిసిన గట్టి వైద్యం అదే.

"ముల్లునే లాగుద్ది, మొటిమెంత? పొద్దునకల్లా రాలిపోతాయి. ఏడవబాక మే," అని జిల్లేడాకు తుంచి, కారిన పాలు రెండు బుగ్గలకూ వేలితో అద్దింది. మండుతుంటే నా చేతులు పట్టుకుని ప్రార్థన చేసింది.

పొద్దునకు చర్మం ఉబ్బి, బొబ్బలెక్కి, నీరు కారింది.

ఆ సంగతి విని పక్కింటి అక్క వచ్చింది. ఆమె నెల్లూరులో నర్సు ట్రైనింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. ఆమె బుగ్గల నిండా పాత గుంటలు. ముందు నా మొహం చల్లటి నీళ్లతో కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్లి మందు రాయించింది. ఇంటికొచ్చాక పాత పేపరు ముక్క చించి, పాలు తగలని నా నుదుటి మీద ఒత్తి, వెలుతురుకు పట్టింది. కాగితం అవతలి అక్షరాలు ఇవతలికి కనిపించాయి. ఆ ఉదయం కూడా అవ్వ తలకు నూనె పెట్టింది మరి.

"అవ్వా, దీని మొహంలో ఊరే జిడ్డు ఎటూ ఉండాది. దానిమీద నువ్వు పోసే తలనూనె కారతా ఉండాది. ఆపు. పొద్దున, సాయంత్రం సబ్బుతో మెల్లగా కడగాల, అంతే. రుద్దబాకండి, గిల్లబాకండి. గిల్లితే ఏమైద్దో నా మొహం చూడు."

అవ్వ తన అరచేయి తిప్పి చూసుకుంది. ఆ తర్వాత కొంగుకు తుడుచుకుంది.

అక్క చెప్పినట్టే చేశాను. జనవరి చివరికి నుదురు నున్నబడింది. బుగ్గలు మానాయి గానీ, పాలు తగిలిన చోటల్లా నల్లటి మచ్చ, లోపలికి లాగిన చర్మం మిగిలాయి. డిసెంబరులో బొబ్బలు ఆరలేదు కాబట్టి వేషం వేరే పిల్లకు ఇచ్చారు. అయ్యగారు జాలిపడి తెర వెనక పాడమన్నారు. నేను ఆత్మకూరు బస్సు ఎక్కలేదు.

కొత్త ఏడాదిలో ఒకరోజు దువ్వెన తీసుకెళ్లి అవ్వ ముందు కూర్చున్నాను. నూనె వద్దు, ఊరికే దువ్వమన్నాను.

"వద్దులే మే. నా చెయ్యి మంచిది కాదు. మీ అమ్మనడుగు," అని లేచి పెరట్లోకి వెళ్లింది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. 1996 వేసవిలో చనిపోయేదాకా నా జుట్టు ముట్టలేదు. మొహం బాగుపడే దారి ఎంత చిన్నదో, ఎంత మెత్తనిదో తెలిసేసరికి, అది ముందే తెలిసుంటే నాకు మిగిలేవన్నీ పోయాయి.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనే. తమ మనవరాలికి మొటిమలు లేస్తే ఏం పూయాలని ఎవరడిగినా, ఏం పూస్తున్నారో ముందు చెప్పమంటాను. వాటిలో ఏది మానాలో చెబుతాను. నెలలు పడుతుందని కూడా చెబుతాను. ఆ ఏడాది నుంచి నాకు వచ్చిన తెలివి అంతే.

పోయినవి ఇవి: మరియమ్మ వేషం. రెండు బుగ్గల మీది చర్మం. ఆ తర్వాత అవ్వ బతికిన రెండేళ్ల పైచిలుకూ, నా తల మీద ఆమె చెయ్యి.