నలభై గడపల విదేశాంగ మంత్రి

ముందే ఒప్పుకుంటాను. నా నోట్లో పడితే చీమ గొర్రె అవుతుంది, గొర్రె ఏనుగవుతుంది. సగం తీసేసి చదవండి. నిన్న టీవీలో ఏదో చిన్న దేశపు విదేశాంగ మంత్రిని చూపించారు. సరిహద్దు అవతల యుద్ధ ట్యాంకులు బారులు తీరి ఉంటే, ఆయన ఇస్త్రీ నలగని కోటుతో పొరుగు దేశాల గడపలెక్కుతూ, నవ్వుతూ చేతులు కలుపుతున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. మా మేనమామది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండ గుట్టల నడుమ ఉన్న మా నలభై గడపల ఊరి మీదికి దండెత్తింది సైన్యం కాదు, రిజర్వాయరు నీళ్లు. మునగడం ఖాయమని అందరికీ తెలుసు. ఆ నలభై గడపలకూ ఒక్కచోటే జాగా సాధించాలని మామ బయలుదేరాడు. ముందు ఆయన మీసం వీధి మలుపు తిరిగేది, కాసేపటికి ఆయన కనిపించేవాడు. ఏడూళ్ల పెద్దమనుషులతో ఆయన తాగిన చాయతోనే ఒక చెరువు నిండేది. "దేశాలేలింది సాలు గని, జర బర్రెకు కుడితి వెట్టు" అనేది అత్త.

చివరికి మునక ఊళ్లకు జాగాలిచ్చే ఆఫీసు పెద్దసారు వచ్చి మాట్లాడతాడని కబురొచ్చింది. రోజు నిర్ణయించింది మామే: ఊరి నడిబొడ్డున పాతిన రాయికి మొక్కే బొడ్రాయి పండుగ నాడు. ఊరు నిండుగా కనబడితే మాటకు బరువుంటుందని ఆయన లెక్క. కానీ ఆ రోజు పొలిమేర పొడవునా పసుపు బియ్యం చల్లి కట్టు వేస్తారు. ఆ తర్వాత తెల్లారేదాకా ఎవరూ ఆ గీత దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. కట్టుకు ముందే సారు వస్తాడనుకున్నాడు మామ. జీపు వచ్చేసరికి కట్టు పడిపోయింది.

"ఇటొచ్చి జాగా కాగితం మీద సంతకం పెట్టు, పెద్దమనిషీ."

"కట్టు వడ్డది సారూ. దాటితే ఊరికి అరిష్టం."

"మునిగే ఊరికి ఇంకేం అరిష్టమయ్యా?"

"మునిగేదాంక ఊరే గద సారూ!"

జీపు తిరిగిపోయింది. నలభై గడపలూ మూడు మండలాల్లో చెల్లాచెదురయ్యాయి. మామ మాత్రం కన్నుమూసేదాకా, ఎక్కడ బండి చప్పుడైనా లేచి నిలబడి రుమాలు సర్దుకునేవాడు.

ఇందులో నేను కల్పించింది జీపు. ఆ రోజు ఎవరూ రాలేదు. మామ గీతకు ఇవతల, ఉతికిన ధోవతిలో, పొద్దు గుంకేదాకా ఒక్కడే నిలబడ్డాడు. వాళ్లు అడిగితే ఆయనే కాదన్నాడని చెప్పుకోవడం నాకు కాస్త నయమనిపించింది. ఏళ్లు గడిచేకొద్దీ నా గొప్పలన్నీ చిన్నవైపోతున్నాయి. ఆయన ఎదురుచూపు ఒక్కటే, నేనేమీ కలపకుండానే, ఏటికేడు పెరుగుతోంది.