రేసు కారులో రెండో సీటు

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను. అందులో పందొమ్మిదేళ్ళు రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్ళే సర్వీసు. రిటైరైన రెండేళ్ళకు మా ఆవిడ పోయింది. ఆ మరుసటి ఏప్రిల్‌లో మా అమ్మాయి వచ్చి, ఆరు నెలలు తన దగ్గర ఉండమని నన్ను అమెరికాలో తాను ఉండే అరోరా ఊరికి తీసుకెళ్ళింది.

అక్కడ ఉదయం ఎనిమిదయ్యేసరికి అమ్మాయీ అల్లుడూ చెరో కారులో వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఆరింటి దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. రోజుకు రెండుసార్లు కాలనీ చుట్టూ నడిచేవాణ్ణి. రోడ్డు మీద మనుషులు కనబడేవారు కాదు. మలుపు దగ్గర నన్ను చూసి ఎవరైనా కారు ఆపి, దాటమని అద్దంలోంచి చేయి ఊపేవారు. చాలా రోజులు పగటిపూట నాతో ఎవరైనా అన్న మాట ఆ ఒక్కటే.

ఆదివారాలు అమ్మాయి గుడికో సరుకులకో తీసుకెళ్ళేది. నేను ముందు సీట్లో కుడివైపు కూర్చునేవాణ్ణి. ఎదురుగా స్టీరింగు ఉండాల్సిన చోట ఏమీ ఉండేది కాదు. అయినా ముందు బండి ఆగినప్పుడల్లా నా కుడికాలు బ్రేకు కోసం కిందకు తొక్కేది. "నాన్నా, రిలాక్స్, నేను డ్రైవ్ చేస్తున్నాగా" అనేది అమ్మాయి. బాగానే నడిపేది. నాకే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మే నెలలో ఒక పొద్దున మా వీధి చివరి ఇంటి గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల ఒక కారు. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. పొడుగాటి బానెట్, సన్నటి పెద్ద చక్రాలు. తలుపుల్లేవు, ముందు అద్దం లేదు, పైకప్పు లేదు. రెండు చిన్న సీట్లు, వాటి వెనక గుండ్రటి పెట్రోలు ట్యాంకు. దాని ముందు మడత కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన వాకర్. ఊరికే కూర్చుని కారును చూస్తోంది.

కారు ముక్కు కింద నుంచి ఒక ఇనుప హ్యాండిల్ బయటికి వచ్చి ఉంది. అది చూసి ఆగిపోయాను.

"ఏమైనా కావాలా?" అని అడిగింది ఆవిడ.

"ఆ హ్యాండిల్ నాకు తెలుసు" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"ఎలా తెలుసు?"

చెప్పడానికి మాటలు చాలక, అక్కడే కాలిబాట మీద వంగి, గాలిలో హ్యాండిల్ పట్టుకుని తిప్పి చూపించాను. పదిహేడేళ్ళ వయసులో లారీ క్లీనరుగా ఉన్నప్పుడు ఇంజను స్టార్ట్ చేయడానికి మా డ్రైవరు నేర్పించిన పద్ధతి అది. కర్ర పట్టినట్టు పట్టకూడదు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ పోకూడదు. ఇంజను ఎదురు తన్నితే బొటనవేలు విరిగిపోతుంది.

ఆవిడ నా బొటనవేలు వైపే చూసింది. "మా నాన్న కూడా అలాగే పట్టుకోమనేవాడు" అంది. తర్వాత గోడకు ఆనించి ఉన్న ఇంకో కుర్చీ చూపించి, తెచ్చుకుని కూర్చోమంది.

ఆవిడకు తొంభై ఏళ్ళు. నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిందట. పెళ్ళి చేసుకోలేదు. టీచరు కాబట్టి నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడేది. నాకు దాదాపు అంతా అర్థమయ్యేది. నా పేరు రెండుసార్లు పలకడానికి ప్రయత్నించి మానేసి, "డ్రైవర్" అని పిలవడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు అందరూ నన్ను పిలిచింది అలాగే. నేను మేడమ్ అనేవాణ్ణి.

ఆ రోజు నుంచి పొద్దుటి నడక ఆ గరాజ్ దాకానే అయింది. ఆవిడ తన తండ్రి గురించి రోజుకు కొంచెం చెప్పేది.

ఆయన మొక్కజొన్న పొలాల్లో పెరిగినవాడు. సైకిలు షాపులో పనికి చేరి, సైకిలు పందేల్లో గెలిచి, అక్కణ్ణుంచి కార్లకు వచ్చాడు. అప్పటికి అమెరికాలో చాలామంది కారు ఎక్కి ఎరగరు. తిరునాళ్ళలో గుర్రప్పందేల మట్టి బాట మీద కార్లు పరుగెత్తించేవారు. ముందు బండి లేపిన దుమ్ములో వెనక వాళ్ళకు ఏమీ కనబడేది కాదు. కంచె వెంబడి ఉన్న చెట్ల కొనలు చూసుకుంటూ మలుపు ఎక్కడుందో అంచనా వేసేవాడట. ఆ మాట విన్నప్పుడు మారేడుమిల్లి ఘాట్‌లో డిసెంబరు పొగమంచు గుర్తొచ్చింది. నేనూ రోడ్డు చూసి నడపలేదు ఆ రోజుల్లో. పక్కనున్న కొండ అంచు చూసి నడిపాను. ఆవిడకు ఆ సంగతి చెబితే, "అయితే మీ ఇద్దరికీ మాటలు కలిసేవి" అంది.

తర్వాత చెక్క బాటలు వచ్చాయి. మైలు, మైలున్నర పొడవున చెక్కలు పరిచి, మలుపుల్లో గోడలా ఎత్తుగా కట్టేవారు. ఆ బాటల మీద వేగం విపరీతంగా పెరిగింది. పేళ్ళు లేచి మొహానికి గుచ్చుకునేవి. ఆయన అక్కడ వరసగా గెలిచాడు. పేపర్లలో బొమ్మ పడింది.

"ఆ రెండో సీటు ఎవరిది?" అని అడిగాను ఒకరోజు.

"మా బాబాయిది" అంది ఆవిడ. "నేను పుట్టకముందే పోయాడు."

ఆ కాలంలో రేసు కారులో డ్రైవరు పక్కన మెకానిక్ కూర్చోవాలి. చేతి పంపుతో ఇంధనం అందిస్తూ ఉండాలి. టైర్లు కనిపెట్టుకోవాలి. వెనక్కి తిరిగి ఎవరు వస్తున్నారో చూడాలి. ఆ చప్పుడులో మాట వినబడదు కాబట్టి డ్రైవరు మోకాలి మీద తట్టి చెప్పాలి. ఆయన పక్కన ఆరేళ్ళు కూర్చున్నది సొంత తమ్ముడే. ఒక పోటీలో, మూడో మలుపులో, ముందు టైరు పేలింది. కారు రెండుసార్లు గిరగిరా తిరిగి నిలబడింది. అన్నకు కాలు విరిగింది. తమ్ముడు బయటికి విసిరేసినట్టు పడిపోయాడు, బతకలేదు.

"అప్పటితో మానేశాడా?"

"లేదు. కాలు నయం కాగానే మళ్ళీ వెళ్ళాడు. మెకానిక్ లేకుండా నడపొచ్చన్న పోటీలకే వెళ్ళాడు. ఇదే కారు. ఆ సీటు ఖాళీగా పెట్టుకుని రెండేళ్ళు నడిపాడు. రాతి గుండె అన్నారు జనం. మా నానమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది."

"గెలిచాడా?"

"ఒక్కటీ గెలవలేదు. వెనక ఎవరున్నారో తెలియడం లేదని మా అమ్మతో అనేవాడట. అంతకుమించి ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు."

తర్వాత ఆయన పాల వ్యాను నడిపాడు, ఆ చుట్టుపక్కల వీధుల్లోనే, రిటైరయ్యేదాకా. ఇంటింటికీ సీసాలు పెట్టుకుంటూ. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఈ కారు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసి, సీట్లో కూర్చుని, పది నిమిషాలు ఇంజను నడవనిచ్చి ఆపేసేవాడు. ఎన్నడూ బయటికి తీయలేదు. చిన్నప్పుడు ఈవిడ ఆ రెండో సీట్లో కూర్చుంటానని ఏడిస్తే, ఎత్తుకుని దూరంగా దింపాడట. ఆయన పోయాక హ్యాండిల్ తిప్పడానికి పక్కింటాయన వచ్చేవాడు. ఆయనా పోయి ఆరేళ్ళయింది.

"నేను చూడనా?" అన్నాను.

సాయంత్రం నా చొక్కా చేతులకు గ్రీజు చూసి అమ్మాయి అడిగింది. చెప్పాను.

"నాన్నా, ఇక్కడ అలా ఎవరింటికైనా వెళ్ళి కార్లు రిపేర్ చేయకూడదు. ఆవిడకి ఏమైనా అయితే? నీ చేతికి ఏమైనా అయితే? నీది విజిటర్ వీసా."

"డబ్బు తీసుకోవట్లేదమ్మా. కూర్చుని మాట్లాడుకుంటున్నాం."

"ఏ లాంగ్వేజ్‌లో?"

"ఇంజను భాషలో" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. అది కాసేపు నా వంక చూసి, "రోజంతా ఒక్కడివే ఉంటున్నావు కదా" అని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున బల్ల మీద ఒక జత పని గ్లవ్స్ పెట్టి వెళ్ళింది.

పాత పెట్రోలు పారబోశాను. ట్యాంకు కడిగాను. ప్లగ్గులు విప్పి గీకాను. క్లచ్‌లో ఉన్న తోలు ఎండి చెక్కలా అయితే నాలుగు రోజులు నూనె పట్టించాను. ఆవిడ కుర్చీలోంచి ఏ సామాను ఏ డబ్బాలో ఉందో చెప్పేది. జూన్ ఆఖరున ఒక పొద్దున, స్టీరింగు దగ్గరున్న మీటను ఆవిడ చెప్పిన చోటుకి జరిపి, హ్యాండిల్ పట్టుకున్నాను. ఏడోసారికో ఎనిమిదోసారికో అంటుకుంది. గరాజ్ గోడలకు వేలాడదీసిన సామానంతా గడగడలాడింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆపమంటుందేమోనని చూశాను. అనలేదు. పది నిమిషాలయ్యాక తనే చేయెత్తింది.

జూలైలో చెప్పింది, ఇల్లు అమ్మేస్తున్నానని. వాకర్‌తో మెట్లు ఎక్కలేకపోతోంది. పెద్దవాళ్ళను చూసుకునే చోట గది తీసుకుంది. కారును పక్క రాష్ట్రంలో ఒక మ్యూజియంవాళ్ళు తీసుకెళ్తారు.

ఆగస్టులో వాళ్ళు పెద్ద ట్రక్కుతో వచ్చారు. ఇద్దరు మనుషులు, చేతులకు తెల్లటి తొడుగులు. ర్యాంపు దింపి, కారును తాడు కట్టి లాగుతామన్నారు. ఆవిడ వద్దంది.

"ఇది తన కాళ్ళ మీద తను వెళ్తుంది. డ్రైవర్ నడుపుతాడు" అంది.

వాళ్ళు నన్ను చూశారు. ఆవిడ టీచరు గొంతుతో ఇంకోసారి చెప్పింది. ఒప్పుకున్నారు. గరాజ్ నుంచి ర్యాంపు దాకా ఆవిడ స్థలమే, నలభై అడుగులు ఉంటుందేమో.

"మీరూ ఎక్కండి మేడమ్" అన్నాను. ఎత్తి కూర్చోబెట్టడానికి మనుషులు కూడా ఉన్నారు.

ఆవిడ సీటు వైపు చూసింది. వాకర్ పిడులను పట్టుకున్న వేళ్ళు కదిలాయి. "వద్దు" అంది. "ఆయన కూర్చోనివ్వలేదు. ఇప్పుడు కూర్చుంటే ఎవరిని అడిగి కూర్చున్నట్టు?"

నేనొక్కణ్ణే ఎక్కాను. స్టీరింగు కుడివైపు ఉంది. నాలుగు నెలల్లో ఆ దేశంలో నా వైపు స్టీరింగు ఉన్న బండి అదొక్కటే చూశాను. క్లచ్ వదిలితే కారు ఒక్క ఊపు ఊగి కదిలింది. ఇంజను వణుకు చేతుల్లోకి వచ్చింది. మళ్ళీ బండి నడుపుతాననుకోలేదు.

సగం దూరం వెళ్ళాక ఎడమవైపు చూశాను. ఖాళీ సీటు, అరిగిన తోలు, దాని ముందు పంపు పిడి. వెనక ఏముందో చూడటానికి ఆ కారుకు అద్దం లేదు. ఆవిడ ఎక్కడ నిలబడి ఉందో, పడిపోయిందో, ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండేళ్ళు ఆ మనిషి ఇలాగే నడిపాడు, అంత వేగంలో. ఎందుకు మానలేదో నాకు అర్థమైందనిపించింది. తమ్ముడి సీటు పక్కన మళ్ళీ పరుగెత్తగలిగేది రేసులోనే. ఇంట్లో కూర్చుంటే అదీ లేదు. నేను అనుకున్నది తప్పే కావచ్చు. ఆయన చెప్పి వెళ్ళలేదు.

ర్యాంపు ఎక్కించి, ఇంజను ఆపి, దిగి చూస్తే, ఆవిడ గరాజ్ గుమ్మంలో ఉన్నచోటే నిలబడి ఉంది. "గేరు బాగా మార్చారు" అంది. గేరు మార్చే అవసరమే రాలేదు. మొదటి గేరులోనే వెళ్ళాను. ఆ మాట అనలేదు.

ఆ తర్వాత నా నడకకు మళ్ళీ గమ్యం లేకుండా పోయింది. ఆ ఇంటికి ఇద్దరు పిల్లలున్న కుటుంబం వచ్చింది. గరాజ్ తలుపు ఎప్పుడూ దించే ఉండేది.

అక్టోబరులో, నా ప్రయాణానికి వారం ముందు, ఆవిడను చూపించమని అమ్మాయిని అడిగాను. శనివారం మధ్యాహ్నం తీసుకెళ్ళింది. ఫోన్ కాల్ ఉందని తను కారులోనే ఉండిపోయింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. చిక్కిపోయింది. గదిలో ఒక మంచం, ఒక బీరువా. తండ్రి ఫొటో కూడా మ్యూజియంవాళ్ళకే ఇచ్చేసిందట.

"నా సంగతులన్నీ మీకు చెప్పాను" అంది. "మీ భార్య గురించి మీరు ఒక్కసారీ చెప్పలేదు."

ఆ దేశంలో నన్ను ఎవరూ అడగలేదు. ఇంట్లో అమ్మాయి బాధపడుతుందని నేను ఎత్తలేదు. నేను బాధపడతానని అది ఎత్తలేదు.

చెప్పాను. మా ఆవిడ నా బస్సు రెండుసార్లే ఎక్కిందని. పెళ్ళయిన కొత్తలో భద్రాచలంలో పుట్టింటికి తీసుకెళ్ళినప్పుడు ఒకసారి. నేను పైనున్న అద్దంలో తననే చూస్తున్నానని, ఘాట్‌లో ప్రాణాలు పోతాయని, దిగాక నన్ను తిట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ నా వెనక సర్వీసులోనే వచ్చేది. నేను భద్రాచలంలో దిగి, గంటన్నర ఆగి, ఆ బస్సు వచ్చాక ఇద్దరం కలిసి టీ తాగేవాళ్ళం. రెండోసారి ఎక్కింది నా ఆఖరి డ్యూటీ రోజున. అప్పటికే ఆయాసం ఉండేది. చివరి సీట్లో కూర్చుంది, అద్దంలో నాకు కనబడకుండా. ఇంగ్లీషులో నాకు అంతకంటే పెద్ద మాటలు రావు. ఉన్న మాటల్లోనే చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. భోజనాల గదికి రమ్మని ఒకమ్మాయి వచ్చి పిలిచేదాకా విన్నది.

బయటికొచ్చేసరికి అమ్మాయి ఫోను పక్కన పెట్టేసి కూర్చుని ఉంది.

"అంతసేపు ఏం మాట్లాడుకున్నారు నాన్నా?"

"మీ అమ్మ గురించి."

అది కారు స్టార్ట్ చేయలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ, "నాకూ చెప్పు" అంది.

నోరు తెరిచాను. ఇంగ్లీషులో అంత తేలిగ్గా వచ్చినవి తెలుగులో ఒక్కటీ రాలేదు. ఇంటికెళ్ళాక చెబుతానన్నాను. ఇంటికెళ్ళేసరికి అల్లుడు వంట చేసి పెట్టి ఉన్నాడు, భోజనాలయ్యాయి, సూట్‌కేసులు తూకం వేసుకున్నాం. నేను తిరిగి మా ఊరు వచ్చి ఏడాది దాటింది. ఇప్పటికీ ఫోనులో అప్పుడప్పుడు అడుగుతుంది. చెబుతానంటాను.